న్యూరోఫీడ్‌బ్యాక్‌లో హస్తవాసి ఎంత?

పిల్లవాడిని కుర్చీలో కూర్చోబెడతారు. నడినెత్తిన జుట్టు పాయ తీసి, కాస్త గరుకుగా ఉండే జెల్‌తో ఆ చోట చర్మాన్ని రుద్దుతారు. చొక్కా గుండీ అంత లోహపు బిళ్ళలో తెల్లటి పేస్టు నింపి అక్కడ అతికిస్తారు. చెవి తమ్మెలకు రెండు క్లిప్పులు తగిలిస్తారు. ఎదురుగా తెర మీద ఒక పడవ ఉంటుంది. దాన్ని నడపడానికి మౌసు లేదు, మీటలు లేవు. ఎలా నడపాలని అడిగితే, "దాన్నే చూస్తూ ఉండు, నీకే తెలుస్తుంది" అంటుంది శిక్షకురాలు. కాసేపటికి పడవ కదులుతుంది. తను ఏమి చేస్తే కదిలిందో పిల్లవాడికి అర్థమయ్యేలోపే ఆగిపోతుంది. మళ్ళీ కదులుతుంది. అరగంట గడిచాక తడిగుడ్డతో జుట్టు తుడిచి ఇంటికి పంపిస్తారు. వారానికి రెండు మూడు సార్లు చొప్పున, మొత్తం ముప్పై నలభై సార్లు ఇదే తంతు.

దీని పేరు న్యూరోఫీడ్‌బ్యాక్. ధ్యాస నిలవని పిల్లలకు, కోపం ముక్కు మీద ఉండేవారికి, నిద్ర పట్టనివారికి, భయానక అనుభవాల నీడ వదలనివారికి ఇది పనికొస్తుందని అర్ధ శతాబ్దంగా చెబుతున్నారు. మందు లేదు, సూది లేదు, నొప్పి లేదు. బిడ్డకు ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస నిలవక కుదురు లేకపోయే సమస్య, ఉందని విని బెంగ పెట్టుకున్న తల్లిదండ్రులకు ఇంతకంటే ఏం కావాలి? పైగా పడవ కదలడం కళ్ళారా కనిపిస్తుంది. అయితే పడవను కదిలించినది ఏమిటన్నది ఒక ప్రశ్న, పిల్లవాడిని మార్చినది ఏమిటన్నది ఇంకో ప్రశ్న. ఈ రంగంలో గందరగోళమంతా ఈ రెండింటినీ ఒకే ముడి వేయడం వల్ల వచ్చిందే.

ముందు పడవ సంగతి చూద్దాం. మెదడు పైపొరలో లక్షల నాడీకణాలు ఒకే లయలో పనిచేసినప్పుడు వాటి విద్యుత్తు పుర్రెనూ చర్మాన్నీ దాటుకుని పైకి వస్తుంది. వచ్చేసరికి మిగిలేది పదుల మైక్రోవోల్టులు. వోల్టులో పది లక్షల వంతు ఒక మైక్రోవోల్టు. గోడగడియారంలో వేసే బ్యాటరీదే 1.5 వోల్టులు. జర్మనీలోని యేనా నగరంలో హాన్స్ బెర్గర్ అనే వైద్యుడు 1924లో మనిషి తల మీద నుంచి ఈ విద్యుత్తును మొదటిసారి నమోదు చేశాడు. లోకానికి చెప్పింది మాత్రం 1929లో. అదే ఈఈజీ.

ఆ గీతల్లో రకరకాల లయలు కలగలిసి ఉంటాయి. సెకనుకు 4 నుంచి 8 సార్లు ఊగేవి థీటా అలలు. కునుకు పట్టబోయే ముందు, ఊహల్లో తేలుతున్నప్పుడు ఇవి పెరుగుతాయి. 8 నుంచి 13 వరకు ఆల్ఫా. కళ్ళు మూసుకుని తీరిగ్గా కూర్చుంటే తల వెనుక భాగంలో చక్కగా కనిపిస్తాయి. అంతకు మించి 30 దాకా బీటా. పనిలో పడ్డ మెదడుకు ఇది గుర్తు అంటారు. కంప్యూటర్ ఈ లయలను అప్పటికప్పుడు విడదీసి, థీటా ఒక హద్దు కంటే తగ్గి బీటా మరో హద్దు దాటిన క్షణాన పడవను కదిలిస్తుంది. చెప్పిన మాట విన్న కుక్కపిల్లకు వెంటనే బిస్కెట్టు పెడితే ఆ పని మళ్ళీ చేస్తుంది. ఇక్కడ బిస్కెట్టు స్థానంలో పడవ ఉంది. సూత్రమంతా అంతే.

చిక్కు ఎక్కడంటే, తల మీది బిళ్ళకు మెదడు ఒక్కటే వినిపించదు. ఒక్కసారి కనురెప్ప కొడితే నుదుటి దగ్గర వంద మైక్రోవోల్టులు దాటిన కెరటం లేస్తుంది. అది నెమ్మది అలల వైపు చేరి థీటాను పెంచి చూపిస్తుంది. దవడ బిగిస్తే, నుదురు ముడివేస్తే ఆ కండరాల చప్పుడు బీటాలో కలుస్తుంది. గోడలోని కరెంటు తీగల నుంచి సెకనుకు 50 సార్లు ఊగే రొద ఎలాగూ ఉంటుంది. మంచి యంత్రం, అనుభవం ఉన్న మనిషి ఈ కల్తీని చాలావరకు వడకడతారు. పూర్తిగా వడకట్టడం ఎవరి తరమూ కాదు. కాబట్టి రెప్ప తక్కువగా కొడుతూ, కదలకుండా, ఒంటిని వదులుగా ఉంచి కూర్చోవడం నేర్చిన పిల్లవాడి పడవ కూడా బాగానే సాగుతుంది. గోల పెట్టకుండా పది నిమిషాలు కూర్చోలేని పిల్లవాడు అలా అరగంట కూర్చోవడం నేర్చితే అదేమీ చిన్న విషయం కాదు. దానికి థీటా, బీటా అనే పేర్లు అవసరమా అన్నదే సందేహం.

ఈ కథ మొదలైంది పిల్లలతో కాదు, పిల్లులతో. 1960లలో లాస్ ఏంజెలెస్‌లో బ్యారీ స్టెర్మన్ నిద్ర మీద పరిశోధన చేస్తుండేవాడు. ఆకలి మీదున్న పిల్లి ఒక మీట నొక్కితే గిన్నెలోకి పాలు, కోడి రసం వస్తాయి. తరువాత ఒక మెలిక పెట్టాడు: చప్పుడు మోగుతున్నంతసేపు మీట ముట్టుకోకూడదు, ఆగాకే నొక్కాలి. పిల్లులు వెంటనే పట్టేశాయి. చప్పుడు ఆగేదాకా అవి ఎలుక కన్నం ముందు కాపు కాసినట్టు, ఒళ్ళంతా బిగపట్టకుండా, కళ్ళు మాత్రం చురుగ్గా పెట్టి కూర్చునేవి. ఆ క్షణాల్లో మెదడులోని చలన కేంద్రం మీద సెకనుకు 12 నుంచి 15 సార్లు ఊగే ఒక లయ కనిపించింది. స్టెర్మన్ ఈసారి మీట తీసేశాడు. ఆ లయ వచ్చినప్పుడే ఆహారం ఇచ్చాడు. పిల్లులు ఆ లయను కావాలని పుట్టించడం నేర్చుకున్నాయి.

అక్కడితో అది ఒక ముచ్చటైన ప్రయోగంగా మిగిలిపోయేదే. కానీ 1960ల చివర్లో అమెరికా వైమానిక దళానికి రాకెట్ ఇంధనం మోనోమిథైల్ హైడ్రజీన్ విష ప్రభావం తెలుసుకోవలసి వచ్చింది. ఆ రసాయనం ఒంట్లోకి వెళితే ఫిట్స్ వస్తాయి. పరీక్ష స్టెర్మన్ పిల్లుల మీద జరిగింది. చాలా పిల్లులకు అనుకున్నట్టే ఫిట్స్ వచ్చాయి. కొన్నింటికి మాత్రం ఆలస్యంగా వచ్చాయి, కొన్నింటికి అసలు రాలేదు. రికార్డులు తిరగేస్తే అవి పాత ప్రయోగంలో ఆ లయను సాధన చేసిన పిల్లులు. 1972లో మూర్ఛ వ్యాధి ఉన్న ఒక యువతికి అదే శిక్షణ ఇచ్చి, ఫిట్స్ తగ్గాయని స్టెర్మన్ ప్రచురించాడు. న్యూరోఫీడ్‌బ్యాక్ సమర్థకులు ఈనాటికీ ఈ పిల్లుల కథతోనే మొదలుపెడతారు. అందులో న్యాయం ఉంది: చికిత్స మీద నమ్మకం పెట్టుకోవడం పిల్లికి చేతకాదు కదా.

స్టెర్మన్ కంటే కొన్నేళ్ళ ముందే షికాగోలో జో కమియా అనే మనస్తత్వ శాస్త్రవేత్త మనుషుల మీద మరో పరీక్ష చేశాడు. కళ్ళు మూసుకున్న మనిషికి గంట మోగిస్తాడు. ఇప్పుడు నీ మెదడులో ఆల్ఫా ఉందా లేదా చెప్పమంటాడు. మొదటి రోజు బొమ్మా బొరుసూ వేసినట్టు ఊహించిన వ్యక్తి నాలుగో రోజుకు దాదాపు ప్రతిసారీ సరిగ్గా చెప్పాడు. తన మెదడు అలను మనిషి లోపలి నుంచి గుర్తుపట్టగలడని తెలియగానే అమెరికాలో హిప్పీల కాలం దాన్ని ఎత్తుకుంది. ధ్యానం చేసేవారికీ ఆల్ఫా, యంత్రం పెట్టుకున్నవారికీ ఆల్ఫా, కాబట్టి యంత్రంతో దగ్గరి దారిలో ధ్యానం అనే వ్యాపారం పుట్టింది. నిజానికి యోగుల ఈఈజీ కొలిచిన తొలి పరిశోధనల్లో ఒకటి మన ఢిల్లీ ఎయిమ్స్‌లో జరిగింది. 1961లో బి.కె. ఆనంద్, ఛీనా, బల్దేవ్ సింగ్ ప్రచురించిన వ్యాసంలో ఇద్దరు యోగులు 4 డిగ్రీల చల్లటి నీటిలో 45 నుంచి 55 నిమిషాలు చేయి ఉంచారు. అంతసేపూ వారి ఆల్ఫా చెదరలేదు. ఆ స్థితికి చేరడానికి ఎన్నేళ్ళ సాధన పట్టిందో, తెర మీద ఆల్ఫా గీత పెంచినంతమాత్రాన అది వస్తుందో రాదో కాలిఫోర్నియా వ్యాపారులు పట్టించుకోలేదు.

ధ్యాస సమస్య వైపు దీన్ని తిప్పినవాడు టెన్నెసీ విశ్వవిద్యాలయానికి చెందిన జోయల్ లూబర్. స్టెర్మన్ పిల్లుల్లో చూసిన లయ అంటే ఒళ్ళు నిశ్చలం, చూపు చురుకు. కుదురుగా ఉండలేని పిల్లలకు కావలసింది అదే కదా అన్నది ఆయన తర్కం. 1976లో ఒక పిల్లవాడి మీద ప్రయత్నించాడు. లయ పెంచేలా శిక్షణ ఇస్తే కుదురు పెరిగింది. శిక్షణను తిరగేసి తగ్గించేలా చేస్తే అల్లరి తిరిగొచ్చింది. మళ్ళీ సరిచేస్తే మళ్ళీ తగ్గింది. ఒక్క పిల్లవాడే అయినా ఇలా తిరగేసి చూడటం మంచి పద్ధతి. తరువాతి ఏళ్ళలో లూబర్, ఆయన వెంట మరికొందరు, ఏడీహెచ్‌డీ పిల్లల్లో థీటా ఎక్కువ, బీటా తక్కువ అని తేల్చారు. ఆ రెండింటి నిష్పత్తిని తగ్గించడమే ఈ చికిత్సలో ప్రధాన మార్గమైంది.

ఆ నిష్పత్తికి ఒక దశలో ఎంత గౌరవం దక్కిందంటే, 6 నుంచి 17 ఏళ్ళ పిల్లల్లో ఏడీహెచ్‌డీ నిర్ధారణకు సాయపడే పరికరంగా దాన్ని కొలిచే ఒక యంత్రాన్ని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2013లో అనుమతించింది. విచిత్రమేమిటంటే అదే ఏడాది వెలువడిన ఒక సమీక్ష, ఏళ్ళు గడిచేకొద్దీ ఏడీహెచ్‌డీ పిల్లలకూ ఇతర పిల్లలకూ మధ్య ఈ నిష్పత్తిలో తేడా కుంచించుకుపోతోందని చూపించింది. ఏడీహెచ్‌డీ పిల్లలు మారలేదు. మామూలు పిల్లల్లోనే ఆ నిష్పత్తి పెరుగుతోంది. వారి నిద్ర తగ్గడం ఒక కారణం కావచ్చని పరిశోధకులు ఊహించారు. రాత్రి పదకొండు దాకా ఫోను చూసి పొద్దున్నే బడికి వెళ్ళే పిల్లవాడి తల మీద బిళ్ళ పెడితే ఏమి కనిపిస్తుందో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు. 2016లో అమెరికా న్యూరాలజీ అకాడమీ, మామూలు వైద్య పరీక్షకు ఈ నిష్పత్తి ప్రత్యామ్నాయం కాదని సలహా ఇచ్చింది.

ఇక అసలు ప్రశ్న. తెలుగులో హస్తవాసి అని ఒక మాట ఉంది. అదే మాత్ర, అదే మోతాదు. ఒక వైద్యుడి చేతి మీదుగా తీసుకుంటే గుణం కనిపిస్తుంది, మరొకరి దగ్గర కనిపించదు. ఊళ్ళో జనం దాన్ని ఆ చేతి మహిమ అంటారు. ఆధునిక వైద్యం దాన్నే విడదీసి చూస్తుంది: శ్రద్ధగా వినే మనిషి, బాగవుతుందన్న ఆశ, క్రమం తప్పని రాకపోకలు, మన కోసం ఎవరో ఇంత చేస్తున్నారన్న భావన. ఇవన్నీ కలిసి రోగిని నిజంగానే మారుస్తాయి. అందువల్ల ఏ చికిత్సకైనా రెండు పద్దులు రాయాలి: మందు గుణం ఎంత, హస్తవాసి ఎంత.

న్యూరోఫీడ్‌బ్యాక్‌లో హస్తవాసి పాలు ఎక్కువగా ఉండటానికి కారణాలు లెక్కలేనన్ని. అమ్మో నాన్నో పని మానుకుని వారానికి మూడు రోజులు బిడ్డను తీసుకొస్తారు. బడిలో అందరి చేతా చీవాట్లు తినే పిల్లవాడిని ఇక్కడ శిక్షకురాలు పక్కన కూర్చుని అరగంటసేపు మెచ్చుకుంటుంది. యంత్రం ఉంది, తీగలు ఉన్నాయి, మెదడు అనే మాట ఉంది. "నీ తప్పు కాదు, నీ మెదడు అలల తీరు అది, మార్చుకోవచ్చు" అని ఎవరో చెప్పారు. తిట్లు తిన్న పిల్లవాడికి ఆ ఒక్క మాటే సగం మందు. పెట్టిన డబ్బు వృథా కాకూడదన్న కోరికతో తల్లిదండ్రులు చిన్న మార్పును కూడా కళ్ళలో వత్తులు వేసుకుని వెతుకుతారు. 2009 నాటి ఒక సమీక్ష ధ్యాస విషయంలో పెద్ద మేలే ఉందని తేల్చిన మాట నిజం. అయితే అందులో చేరిన అధ్యయనాల్లో పిల్లవాడు ఏ చికిత్సలో ఉన్నాడో మార్కులు వేసే తల్లిదండ్రులకు చాలాచోట్ల తెలుసు.

హస్తవాసిని విడదీయాలంటే ఒకటే దారి: సగం మందికి ఉత్తుత్తి శిక్షణ ఇవ్వాలి, ఎవరిది అసలో ఎవరిది ఉత్తుత్తో శిక్షకులకు కూడా తెలియకూడదు. దీన్ని అత్యంత జాగ్రత్తగా చేసిన ప్రయోగం అమెరికాలో రెండు కేంద్రాల్లో జరిగి 2021లో వెలువడింది. 7 నుంచి 10 ఏళ్ళ పిల్లలు 144 మంది. అందరికీ ఏడీహెచ్‌డీ ఉందని గట్టిగా నిర్ధారించారు; అందరిలోనూ థీటా–బీటా నిష్పత్తి 4.5 లేదా అంతకంటే ఎక్కువ ఉండేలా ఎంపిక చేశారు. అంటే ఈ శిక్షణ ఎవరికి పనిచేయాలో సరిగ్గా వారినే తీసుకున్నారు. తప్పు పిల్లలను ఎంచుకున్నారని రేపు ఎవరూ అనడానికి వీల్లేదు. ప్రతి అయిదుగురిలో ముగ్గురు అసలు శిక్షణకు, ఇద్దరు ఉత్తుత్తి శిక్షణకు. ఒక్కొక్కరికి 38 సెషన్లు.

ఉత్తుత్తి శిక్షణ తయారీలోనే ఉంది నేర్పంతా. ఆ పిల్లల తెర మీది ఆట వారి మెదడును అనుసరించదు. అంతకు ముందెప్పుడో రికార్డు చేసిన వేరే పిల్లవాడి అలలను అనుసరిస్తుంది. అయితే రెప్ప కొట్టినా కదిలినా తెర మీద ఆ ప్రభావం కనిపించకపోతే పిల్లలకు అనుమానం రాదా? అందుకని ఆ పిల్లవాడివే రెప్పపాట్లు, కదలికలు ఆ పాత రికార్డింగు మీద కలిపారు. కాబట్టి చూసేవారికి అంతా సహజంగా ఉంటుంది. ఎవరో ముక్కూమొహం తెలియని పిల్లవాడి మెదడు నడుపుతున్న ఆటను తానే నడుపుతున్నాననుకుని ఒక పిల్లవాడు నెలల తరబడి దీక్షగా కూర్చున్నాడు.

ఫలితం చూస్తే, అసలు శిక్షణ పొందిన పిల్లల్లో ధ్యాస బాగా పెరిగింది. తల్లిదండ్రులు, టీచర్లు వేసిన మార్కుల్లో మార్పు చాలా పెద్దది. ఉత్తుత్తి శిక్షణ పొందిన పిల్లల్లోనూ అంతే పెద్దది. శిక్షణ ముగిసేనాటికి రెండు గుంపుల మధ్య తేడా సున్నాకు ఆనుకుని ఉంది. 13 నెలల తరువాత చూసినా రెండు గుంపుల్లోనూ మేలు నిలిచే ఉంది. తేడా మాత్రం లెక్కలోకి తీసుకోదగినంతగా లేదు. ఒక చిన్న సంగతి అసలు శిక్షణ వైపు మొగ్గింది: 13 నెలల నాటికి ఆ గుంపు పిల్లలకు మందుల అవసరం తక్కువగా ఉంది. ప్రయోగం నిర్వహించినవారు దాన్ని దాచలేదు, ఊదరగొట్టనూ లేదు.

ఈ ఫలితాన్ని రెండు విధాలా వక్రీకరించడం సులువు. "న్యూరోఫీడ్‌బ్యాక్ పనిచేయదు" అనేవారు పిల్లలు నిజంగా బాగుపడ్డారన్న సంగతి మింగేస్తారు. "పిల్లలు బాగుపడ్డారు కదా" అనేవారు వేరొకరి అలలతో కూడా అంతే బాగుపడ్డారన్నది మింగేస్తారు. నిజాయితీగా చెప్పాలంటే మేలు ఉంది. అది అలల నుంచి వచ్చినట్టు కనిపించడం లేదు. ఈ రంగంలోని శిక్షకులు చెప్పే అభ్యంతరం ఒకటి వినదగ్గది. ఇలాంటి ప్రయోగాల్లో పడవ ఎప్పుడు కదలాలన్న హద్దును యంత్రమే సర్దుతుంది, నేర్పరి అయిన శిక్షకుడు పిల్లవాడిని బట్టి దాన్ని క్షణక్షణం సర్దితేనే అసలు నేర్చుకోవడం జరుగుతుంది అంటారు. కావచ్చు. కానీ యంత్రం కంటే పక్కన కూర్చున్న మనిషి చెయ్యే ముఖ్యమని ఒప్పుకోవడం హస్తవాసి వాదాన్ని బలపరచడమే అవుతుంది.

ఒక్క ప్రయోగంతో తీర్పు చెప్పకూడదు. 2016లో 13 ప్రయోగాలను, వాటిలోని 520 మంది పిల్లలను కలిపి చూసిన సమీక్షలో, చికిత్సకు దగ్గరగా ఉన్నవారు వేసిన మార్కుల్లో మేలు కనిపించింది. ఏ చికిత్సో తెలియనివారు వేసిన మార్కులకు వచ్చేసరికి అది కరిగిపోయింది. 2024 చివర్లో వెలువడిన మరో సమీక్ష 38 ప్రయోగాలను, 2,472 మందిని లెక్కలోకి తీసుకుని అదే మాట చెప్పింది: అలా తెలియక వేసిన మార్కుల్లో మొత్తం మీద మేలు దాదాపు శూన్యం, స్థిరపడిన పద్ధతులు పాటించిన వాటిలో మాత్రం కొద్దిపాటి మేలు. నిద్రలేమి మీద 2017లో ఆస్ట్రియాలో జరిగిన పరిశోధన ఇంకా కటువుగా తేల్చింది. స్టెర్మన్ లయనే సాధన చేయించారు. అసలుకూ ఉత్తుత్తికీ ఒకేలా, నిద్ర బాగుపడిందని రోగులు చెప్పారు. నిద్రలో తీసిన ఈఈజీలో మాత్రం రెండింటిలోనూ మార్పు కనిపించలేదు.

భావోద్వేగాల విషయానికి వస్తే చిత్రం కాస్త వేరు, ఆసక్తికరం కూడా. భయాన్ని, ఆందోళనను పసిగట్టే అమిగ్డలా మెదడు లోతుల్లో ఉంటుంది. నెత్తి మీది బిళ్ళకు నేరుగా అందదు. దాన్ని చూడాలంటే ఎంఆర్‌ఐ సొరంగంలో పడుకోబెట్టాలి. అమెరికాలోని టల్సాలో 2017లో ప్రచురితమైన ప్రయోగంలో మందులు వాడని 36 మంది కుంగుబాటు రోగులను అలా పడుకోబెట్టి, జీవితంలోని సంతోష ఘడియలను గుర్తు చేసుకుంటూ తెర మీది గీతను పైకి లేపమన్నారు. కొందరికి ఆ గీత అమిగ్డలాది. మిగిలినవారికి భావాలతో పెద్దగా సంబంధం లేని మరో భాగానిది. రెండు గుంపులవారూ అలాంటి జ్ఞాపకాలే తలుచుకున్నారు, అదే యంత్రంలో పడుకున్నారు. రెండే సెషన్ల తరువాత మొదటి గుంపులో 12 మందికి లక్షణాలు సగానికి పైగా తగ్గాయి. రెండో గుంపులో ఇద్దరికి. ఇక్కడ హస్తవాసి రెండు వైపులా సమానం, అయినా తేడా వచ్చింది. సంఖ్య చిన్నది, ఎంఆర్‌ఐ ఖర్చు పెద్దది. కానీ కొట్టిపారేయదగినది కాదు.

ఎంఆర్‌ఐ లేకుండా అమిగ్డలా జాడను ఈఈజీలోనే పట్టే లెక్కను ఇజ్రాయెల్ పరిశోధకులు తయారుచేశారు. వారి తెర మీది దృశ్యం ఏమిటంటే, ఒక ఆసుపత్రి వెయిటింగ్ హాలు. జనం కౌంటర్ మీదికి ఎగబడి గొడవ చేస్తుంటారు. చూస్తున్న మనిషి లోపల సద్దుమణిగితే వాళ్ళూ ఒక్కొక్కరే వెళ్ళి కుర్చీల్లో కూర్చుంటారు. మన ఆసుపత్రుల ఓపీ చూసినవారికి ఈ ఊహ ఎంత గొప్పదో వేరే చెప్పనక్కరలేదు. 180 మంది సైనికులతో చేసిన పరిశోధన 2019లో వచ్చింది. ఆ పరిశోధనల బాటలో వచ్చిన పరికరాన్ని పీటీఎస్‌డీ (భయానక అనుభవాల నీడ వదలని స్థితి) రోగులకు ఇతర చికిత్సకు తోడుగా వాడేందుకు 2023లో ఎఫ్‌డీఏ అనుమతించింది. తోడుగా అన్న మాటను గమనించాలి. అంతకు ముందు 2016లో 52 మంది పీటీఎస్‌డీ రోగులతో చేసిన మామూలు న్యూరోఫీడ్‌బ్యాక్ ప్రయోగంలో మంచి ఫలితాలు వచ్చాయి కానీ, అక్కడ పోల్చింది చికిత్స కోసం ఎదురుచూస్తున్నవారితో. ఊరికే ఎదురుచూసేవారికి హస్తవాసి అందదు కదా.

భావోద్వేగాల అదుపుకు ఇంతకంటే చవకైన దారి ఒకటి ఉంది. నిమిషానికి సుమారు ఆరు శ్వాసల చొప్పున నెమ్మదిగా ఊపిరి తీస్తే గుండె లయ, రక్తపోటు ఒకదానితో ఒకటి శ్రుతి కలుస్తాయి. కేథలిక్కుల జపమాల, యోగ మంత్రం రెండూ మనిషిని సహజంగా ఆ ఆరు శ్వాసల వేగానికే తెస్తాయని 2001లో ఒక ఇటలీ బృందం చూపించింది. న్యూరోఫీడ్‌బ్యాక్ కుర్చీలో కూర్చున్న మనిషి పడవ కదలాలని తంటాలు పడుతూ చివరికి నేర్చుకునే ఉపాయాల్లో ఊపిరి నెమ్మదించడం కూడా ఉండవచ్చు.

మన దగ్గర బెంగళూరులోని మానసిక, నాడీ వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో తల గాయాల నుంచి కోలుకుంటున్నవారి మీద, మరికొన్ని సమస్యల మీద న్యూరోఫీడ్‌బ్యాక్ పరిశోధనలు జరిగాయి. అక్కడ అది పునరావాసంలో ఒక భాగం. చుట్టూ వైద్యులు, క్లినికల్ సైకాలజిస్టులు ఉంటారు. నగరాల్లోని ప్రైవేటు కేంద్రాలన్నింటిలో ఆ చుట్టూ ఉండే వ్యవస్థ ఉండదు. కేంద్రంలో అడుగుపెట్టగానే చాలాచోట్ల ముందు చేతికిచ్చేది రంగుల మెదడు పటం. పిల్లవాడి ఈఈజీని ఒక ప్రామాణిక సమాచారంతో పోల్చి, తేడా ఉన్నచోట ఎరుపో నీలమో వేస్తారు. తల మీద 19 చోట్ల, అయిదు రకాల అలలు కొలిస్తే 95 పోలికలు. నూటికి అయిదు చొప్పున కాకతాళీయంగా తేడా రావడం సహజమనుకున్నా, నిక్షేపంగా ఉన్న పిల్లవాడి పటంలో కూడా నాలుగైదు మచ్చలు పడతాయి. ఆ ఎర్ర మచ్చను చూపి "ఇదిగో సమస్య ఇక్కడుంది" అంటే తల్లి గుండె జారిపోతుంది. సెషన్ల ప్యాకేజీ అమ్ముడుపోయేది ఆ క్షణంలోనే.

అలాగని దీన్ని మోసం అనడం అన్యాయం. హాని దాదాపు లేదు. కొందరికి తలనొప్పి, అలసట, చిరాకు. అసలు హాని మరోచోట ఉంది: నలభై సెషన్లు ముగిసేదాకా చూద్దామని మిగిలినవన్నీ ఆపేయడం. ఏడీహెచ్‌డీకి ఇచ్చే మిథైల్‌ఫెనిడేట్ వంటి మందులకు, తల్లిదండ్రులకు ఇచ్చే ప్రవర్తనా శిక్షణకు న్యూరోఫీడ్‌బ్యాక్ కంటే ఎంతో గట్టి ఆధారాలు ఉన్నాయి. పిల్లవాడి నిద్ర, చూపు, వినికిడి పరీక్షించకుండా నేరుగా మెదడు పటానికి వెళ్ళడం కూడా ఆ కోవలోదే. ఫిట్స్ మందులను ఈ శిక్షణ చూసుకుని ఆపడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

తెర ముందు నిలిచిన ధ్యాస తరగతిలో నిలుస్తుందా అన్నది తల్లిదండ్రులు కచ్చితంగా అడగవలసిన ప్రశ్న. మన మనస్తత్వ శాస్త్ర పుస్తకాలు ధ్యాసకు వాడే మాట అవధానం. అష్టావధానం చూసినవారికి తెలుసు, అక్కడ చుట్టూ ఎనిమిది మంది పృచ్ఛకులు ఉంటారు. వారిలో అప్రస్తుత ప్రసంగి పనే ధ్యాస చెదరగొట్టడం. అవధాని ప్రజ్ఞ చెదరకపోవడంలో కంటే, చమత్కారంగా జవాబు చెప్పి, విడిచిన పద్యపాదం దగ్గరికి తిరిగి రావడంలో కనిపిస్తుంది. ఏసీ గదిలో ఒకే పడవను చూసే పిల్లవాడికి అప్రస్తుత ప్రసంగి లేడు. తరగతిలో నలభై మంది ఉన్నారు. చైనాలోని జిన్‌హువాలో ఒక బడి ఈ తేడాను తిరగేసి, తరగతిలోనే పిల్లల నుదుటికి ఈఈజీ పట్టీలు కట్టింది; ధ్యాస ఉందో లేదో రంగు దీపం చెబుతుంది, లెక్కలు తల్లిదండ్రులకు వెళతాయి. 2019లో జనం మండిపడటంతో ఆపేశారు. ఆ దీపం పిల్లల ధ్యాసను పెంచిందో లేదో కానీ, దీపం మీద ధ్యాస మాత్రం పెంచి ఉంటుంది.

ఈ దూరాన్ని తగ్గించే మార్గం జర్మనీలో ట్యూబింగెన్ బృందం ముందే ఆలోచించింది. వారి పద్ధతిలో కొన్ని వంతులు తెర ఏమీ చూపించదు. పడవ లేదు, గీత లేదు. ఇప్పటిదాకా చేసినది చూపు ఆసరా లేకుండా చేయమంటారు. తరువాత తెర మీది బొమ్మనే ఒక చిన్న కార్డు మీద అచ్చు వేసి పిల్లవాడికి ఇస్తారు. ఇంట్లో లెక్కల పుస్తకం తెరిచే ముందు దాన్ని బల్ల మీద పెట్టుకుని, కుర్చీలో ఎలా కూర్చున్నాడో ఏమి చేశాడో గుర్తు చేసుకుని, అప్పుడు పెన్సిల్ పట్టుకోవాలి. కేంద్రానికి వెళ్ళిన తల్లిదండ్రులు రంగుల పటం పక్కన పెట్టి, "ఇక్కడ అలాంటి కార్డు ఇస్తారా?" అని అడగవచ్చు.